పాత పుస్తకాల స్కానింగ్: ఎంత డీపీఐ (అంగుళానికి చుక్కలు), ఏవి ముందు, ఏవి బయట పెట్టొచ్చు? (నల్లగొండ)

బీరువాతాళం

అందరికీ నమస్కారం. నల్లగొండ వైపు ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో అచ్చు పుస్తకాలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టే పని మొదలవుతోంది. ఉన్న సరుకు: తెలుగు పుస్తకాలు సుమారు 6,000 (ఎక్కువగా డెమ్మీ 1/8, సగటున 200 పేజీలు), పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు కొన్ని వందలు, పాత పత్రికల బైండ్లు 70, ఉర్దూ గెజెట్లు, రిపోర్టులు ఒక బీరువా నిండా. చేతిలో ఒక ఓవర్‌హెడ్ స్కానర్, ఒక ఏ3 ఫ్లాట్‌బెడ్, ఇద్దరు ఆపరేటర్లు, 8 టీబీ నాస్ (నెట్‌వర్క్‌కు తగిలించే నిల్వ పెట్టె). ఏడాదిలో మొత్తం అయిపోవాలని పైనుంచి మాట.

300 డీపీఐ బ్లాక్ అండ్ వైట్ చాలంటున్నారు కొందరు, 600 కలర్ కావాలంటున్నారు ఇంకొందరు. తెలుగు ఓసీఆర్ (పేజీ బొమ్మలోని అక్షరాలను యంత్రమే చదివి టెక్స్ట్‌గా మార్చడం) పనికొస్తుందా? కాపీరైట్ సంగతేంటి? చేసినవాళ్లు చెప్పండి.

డిండివాగు

ముందు లెక్క వేసుకోండి. 6,000 పుస్తకాలు, 200 పేజీలంటే 12 లక్షల పేజీలు. ఓవర్‌హెడ్ మీద పది సెకన్లకు ఒక తెరుపు, అంటే రెండు పేజీలు. కాగితం మీద గంటకు 720 పేజీలు వస్తాయి. కానీ పుస్తకం మార్చడం, దుమ్ము దులపడం, మడతపడ్డ మూలలు విప్పడం, తప్పుపడ్డవి మళ్లీ తీయడం ఇవన్నీ అందులో లేవు. కరెంటు పోయి వచ్చాక స్కానర్ మళ్లీ కాలిబ్రేట్ చేయడం కూడా లేదు. రోజుకు 1,500 పేజీలు మంచివి వస్తే గొప్ప. 12 లక్షలకు 800 పనిదినాలు. ఏడాదికి 240 పనిదినాలు వేసుకున్నా మూడేళ్లు దాటుతుంది. ఏడాది మాట మరిచిపోండి.

ఇక నిల్వ. డెమ్మీ 1/8 పేజీ దాదాపు 5.5 × 8.5 అంగుళాలు. 400 డీపీఐ వద్ద 2,200 × 3,400 పిక్సెళ్లు. 24 బిట్ కలర్ టిఫ్ (కుదించని బొమ్మ ఫైలు) అయితే పేజీకి 22.4 ఎంబీ, మొత్తం 27 టీబీ. అదే 8 బిట్ గ్రే అయితే పేజీకి 7.5 ఎంబీ, మొత్తం 9 టీబీ. మీ 8 టీబీ డ్రైవు కంప్యూటర్‌లో చూపించేదే 7.27. అంటే గ్రేలో తీసినా పట్టదు. అదీ ఒక్క కాపీకి!

నా ఓటు: మామూలు అచ్చు పుస్తకానికి 400 గ్రే. అట్ట, రంగు బొమ్మలు, రబ్బరు స్టాంపులు, చేతిరాత ఉన్న పేజీలు మాత్రం కలర్. 600 అవసరమయ్యేది అడుగున చిన్న టైపు నోట్సు ఉన్నప్పుడో, పంచాంగం లాంటి ఇరుకు అచ్చుకో.

సీసపు_అక్షరం

> 300 డీపీఐ బ్లాక్ అండ్ వైట్ చాలంటున్నారు

దీనికి మాత్రం ఒప్పుకోకండి. బ్లాక్ అండ్ వైట్ అంటే ఒక్క బిట్, చుక్క ఉందా లేదా అంతే. తెలుగులో అర్థం మార్చే గీతలన్నీ సన్నవే: తలకట్టు, ఒత్తులు, ధ అడుగున గీత, థ కడుపులో చుక్క. పాత లెటర్‌ప్రెస్‌లో టైపు అరిగిపోయి ఆ గీత సగమే పడి ఉంటుంది. నలుపో తెలుపో స్కానర్ తేల్చే హద్దు దగ్గర అది కాస్తా మాయమవుతుంది. తర్వాత గ్రే కావాలంటే మళ్లీ పుస్తకం తెరవాల్సిందే. గ్రేలో తీసుకుంటే బ్లాక్ అండ్ వైట్ ఎప్పుడైనా చేసుకోవచ్చు.

ఇంకో ప్రమాదం పీడీఎఫ్ కుదింపులో ఉంది. జేబిగ్2 పద్ధతిలో నష్టం కలిగించే రకం ఒకటుంది. పేజీలో ఒకేలా కనిపించే అక్షరాలన్నిటికీ ఒకే బొమ్మ వాడి సైజు తగ్గిస్తుంది. 2013లో కొన్ని ఫొటోకాపీ యంత్రాల స్కాన్లలో 6 కాస్తా 8 అయిపోవడం బయటపడింది ఈ కారణంగానే. అంకెలకే అట్లా అయితే ద, ధ, థ పక్కపక్కనుండే మన లిపి గతేమిటి? స్కానర్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్‌లో 'హై కంప్రెషన్' అనే టిక్కు ఉంటే తీసేయండి.

పాలమూరు_పుటలు

డిండివాగు అన్న లెక్క సక్కగుంది. గని 6,000 పుస్తకాలు మీరే చేయాల్నా అన్నది ముందు చూడున్రి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కానైన తెలుగు పుస్తకాలు చానా ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌ల ఉన్నయ్. తెలుగు లిపిల వెతికితె దొరకయ్. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్ల, ఎవరికి తోచినట్టు వాళ్లు కొట్టిన్రు. 'చరిత్ర' అన్న ఒక్క మాటకే మూడు నాలుగు తీర్ల స్పెల్లింగు. పుస్తకం పేరుతోటి దొరకకుంటె రచయిత ఇంటిపేరుతోటి చూడాలె, అదీ కాకుంటె అచ్చైన ఏడుతోటి.

దొరికింది గదా అని టిక్కు పెట్టొద్దు. మీ కాపీ పక్కన పెట్టుకొని మూడు చూడున్రి: ముద్రణ ఏడు ఒకటేనా, కడపటి పేజీ అంకె ఒకటేనా, నడుమ పేజీలు ఎగిరిపోయినయా. రెండు పేజీలు లేకుంటె ఆ రెండే మీ కాపీల నుంచి తీస్తె పాయె, పుస్తకం మొత్తం మళ్ల పండవెట్టే పని లేదు. గీ ఏరివేతకు ఇద్దరు విద్యార్థులను నెల రోజులు కూసోబెడితె, స్కానర్ కాడ ఎన్నో నెలలు మిగుల్తయ్.

ముందుగాల మీ దగ్గరే ఉండి ఇంకెక్కడా లేనివి తియ్యున్రి. జిల్లాల చిన్న ప్రెస్సుల్ల అచ్చైన స్థానిక చరిత్రలు, కాలేజీ సంచికలు, సభల సావనీర్లు. పాఠ్యపుస్తకాలు కడపట.

మూసీగట్టు

కాపీరైట్ గురించి. 1957 చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు కాబట్టి 1954 నుంచి లెక్కపెడితే 2013 డిసెంబరు 31తో హక్కు ముగిసింది. ఆయన జీవితకాలంలో అచ్చయిన రచనలు నిశ్చింతగా బయట పెట్టొచ్చు. అదే అలంపురం గడియారం రామకృష్ణ శర్మ గారిని తీసుకోండి. 2006లో కాలం చేశారు. ఆయన పుస్తకాలు 2066 చివరిదాకా హక్కులో ఉంటాయి. రెండూ పాలమూరు రచనలే, ఒకే అరలో పక్కపక్కనే ఉంటాయి. అందుకే అరల వారీగా కాక రచయిత వారీగా జాబితా చేసుకోవాలి.

ప్రభుత్వ ప్రచురణలకు, పేరు లేకుండా అచ్చయినవాటికి ముద్రణ ఏడాది నుంచి లెక్క. 1964లో వచ్చిన ప్రభుత్వ నివేదిక 2024 చివరికి విడుదలైపోయింది.

తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. మూల రచయిత ఎప్పుడో పోయి ఉంటారు, మీ చేతిలోది మాత్రం 1990లలో వచ్చిన పునర్ముద్రణ. దానికి కొత్త పీఠిక, కొత్త వ్యాఖ్యానం ఉంటాయి. అవి రాసినవారి హక్కు వేరు. అనువాదమైతే అనువాదకుడి మరణం కూడా చూడాలి.

కోటవాకిలి

ఢిల్లీ హైకోర్టు 2016లో ఫొటోకాపీ కేసులో విశ్వవిద్యాలయాల వైపే తీర్పిచ్చింది కదా? చదువు కోసమంటే అన్నీ పెట్టేయొచ్చు అనుకుంటా.

మూసీగట్టు

కాదండీ. ఆ తీర్పు బోధనలో భాగంగా పాఠాలకు అవసరమైన భాగాలను కోర్స్ ప్యాక్‌గా కాపీ చేయడం గురించి. గ్రంథాలయం మొత్తాన్ని లోకానికి తెరవడం గురించి కాదు.

మీకు నిజంగా పనికొచ్చేది 52వ సెక్షన్‌లోని ఒకటో ఉపవిభాగం, ఎన్ ఖండం. 2012 సవరణతో వచ్చింది. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గర అచ్చు కాపీ ఉన్న రచనను భద్రపరచడానికి ఎలక్ట్రానిక్‌గా నిల్వ చేసుకోవచ్చు అంటుంది. రెండు మాటలు గీత గీసి చదవండి. ఒకటి 'పబ్లిక్ లైబ్రరీ': విశ్వవిద్యాలయ గ్రంథాలయం అందులోకి వస్తుందని మీ లీగల్ సెల్‌తో రాతపూర్వకంగా తీసుకుని ఫైల్లో పెట్టండి. రెండోది 'నిల్వ': నిల్వకు అనుమతి ఉన్నంతమాత్రాన వెబ్‌లో పెట్టడానికి ఉన్నట్టు కాదు. హక్కులో ఉన్నవాటి వివరాలు, విషయసూచిక బయట కనిపించనివ్వండి. ఫైలు మాత్రం తాళంలో ఉంచండి. రచయితకో వారసులకో ఒక పేజీ అనుమతి పత్రం పంపితే సంతకం చేసిచ్చేవాళ్లు మన జిల్లాల్లో చాలామందే ఉంటారు. అడిగేవాళ్లే తక్కువ.

అట్టముక్క

పుస్తకం చేతిలోకి తీసుకునే పద్ధతి ఎవరూ రాయలేదు. అసలు చెడేది అక్కడే.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఎండలకు గాలిలో తేమ పడిపోతే పాత కాగితం అప్పడంలా అవుతుంది. ఏ పేజీ అయినా మూల కొసను మెల్లగా వంచి చూడండి. రెండు మూడుసార్లకే విరిగితే ఆ పుస్తకం మామూలు ఆపరేటర్ చేతికి ఇవ్వొద్దు, ఫ్లాట్‌బెడ్ మీద బోర్లా వేయొద్దు. 90 డిగ్రీలకు మించి తెరవకుండా వీ ఆకారం తొట్టిలో పెట్టి ఒక్కో వైపు తీయాలి. తొట్టి కొనకపోయినా రెండు నురుగు దిమ్మెలను ఏటవాలుగా కోసి వాడుకోవచ్చు.

1980ల తర్వాతి గమ్ బైండింగులు ఇంకో తలనొప్పి. ఎండకు గమ్ ఎండి బిరుసెక్కుతుంది. తెరిచి నొక్కగానే నడుమ పగిలి పేజీలు విడివిడిగా చేతికొస్తాయి. అట్లాంటిది మొదటి తెరుపులోనే 'టక్' మంటుంది. శబ్దం వినగానే ఆపి, రెండో కాపీ ఉందేమో కేటలాగులో చూడండి. రెండో కాపీ ఉంటే ఒకదాని వెన్ను కోయించి విడి కాగితాలుగా తీయడం నయం. ఒక్కటే ఉంటే వెన్ను ముట్టుకోవద్దు.

పిన్నులు తుప్పుపట్టి ఉంటాయి. లాగితే కాగితం చిరుగుతుంది. వెనకవైపు కాళ్లు సన్నటి పల్చటి రేకుతో ఎత్తి నిలబెట్టి, తర్వాత ముందునుంచి తీయాలి. దుమ్ముకు మెత్తటి బ్రష్, నడుమ నుంచి బయటికి. తడిగుడ్డ వద్దు. బూజు కనబడితే ఆ పుస్తకాన్ని వేరే గదిలో విడిగా పెట్టండి. మాస్కు లేకుండా బూజు పుస్తకాలు దులపనివ్వకండి.

పల్చటి కాగితంలో వెనక పేజీ అక్షరాలు ముందుకు కనబడుతుంటే పేజీ కింద నల్ల అట్టముక్క పెట్టండి. తెల్లది పెడితే వెనక అచ్చు ఇంకా తేలుతుంది. ఈ ఒక్క అట్టముక్కతో ఓసీఆర్ తప్పులు కళ్లకు కనబడేంత తగ్గుతాయి.

బీరువాతాళం

అట్టముక్క గారూ, ఓవర్‌హెడ్ స్కానర్‌లో వంపు సరిచేయడం, వేళ్లు తుడిచేయడం ఆటోమేటిక్‌గా ఉన్నాయి. అవి ఆన్‌లో పెట్టొచ్చా?

అట్టముక్క

మాస్టర్ కాపీకి రెండూ ఆఫ్. వేలు తుడిచే సాఫ్ట్‌వేర్ వేలు కింద ఏముందో ఊహించి కాగితం రంగు పూస్తుంది. మార్జిన్‌లో అయితే సరే. ఇరుకు మార్జిన్ పుస్తకంలో వేలు అక్షరం మీద పడితే ఆ అక్షరం పోయి పేజీ శుభ్రంగా కనబడుతుంది. వేలు కనబడితే పరిశీలకుడు పట్టుకునేవాడు. శుభ్రంగా ఉంటే ఎవరూ పట్టుకోరు. వంపు సరిచేసే పని తర్వాత స్కాన్‌టైలర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసుకోండి. అందులో పేజీ విడదీయడం, ఒరుగు సరిచేయడం, మార్జిన్ కట్ చేయడం అన్నీ కాపీ మీద జరుగుతాయి, మూలం చెక్కుచెదరదు.

గదిలో కిటికీ వెలుతురు, ట్యూబ్‌లైటు స్కానర్ మీద పడకుండా చూడండి. పొద్దున తీసిన పేజీలు తెల్లగా, మధ్యాహ్నం తీసినవి పచ్చగా వస్తున్నాయంటే కిటికీ పరదా వేయలేదని అర్థం.

సీసపు_అక్షరం

ఓసీఆర్ అడిగారు. టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఉంది. దాన్ని ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ద్వారా నడిపితే పేజీ బొమ్మ కింద కనబడని అక్షర పొర చేరుతుంది. ఆధునిక ఆఫ్‌సెట్ అచ్చు శుభ్రంగా ఉంటే వెతుకులాటకు చాలు. పాత అచ్చులో ఎక్కడ తప్పుతుందో తెలిస్తే సగం దిద్దుబాటు మూకుమ్మడిగా చేయొచ్చు.

మ, వు రెండిటినీ కలిపేస్తుంది. ద, ధ, థ సరేసరి. సున్న (ం) వచ్చినచోట తెలుగు అంకె సున్నా (౦) పడుతుంది, చూడ్డానికి తేడా లేదు కానీ వెతికితే దొరకదు. రెండు తెలుగు అక్షరాల నడుమ అంకె సున్నా ఉంటే దాన్ని సున్నగా మార్చమని ఒక స్క్రిప్టు రాసుకోండి.

అన్నిటికన్నా పెద్దది వలపలగిలక, అంటే 'ర్'కు పాత అచ్చులో వాడిన గుర్తు. పాత పుస్తకాల్లో 'ధర్మము' అని ఉండదు, 'ధమ౯ము' అని ఉంటుంది. ఆ గిలక తెలుగు తొమ్మిది అంకెలా ఉంటుంది కాబట్టి యంత్రం తొమ్మిదనే రాస్తుంది. చదివేవాడు 'ధర్మము' అని వెతుకుతాడు, ఏమీ రాదు. స్క్రిప్టుతో మార్చొచ్చు కానీ ఒక మెలిక ఉంది. తొమ్మిదిని ఉన్నచోటే 'ర్' చేస్తే తప్పు. గిలక అక్షరం తర్వాత వస్తుంది, పలికేది దానికి ముందు. 'కతా౯' అన్నచోట వెనక్కి నడిచి దీర్ఘం దాటాలి, 'త' దాటాలి, అప్పుడు 'ర్' పెట్టాలి: 'కర్తా'. ఒక్క అడుగే వెనక్కి వెళ్లే స్క్రిప్టు గుణింతం ఉన్న ప్రతిచోటా అక్షరాన్ని విరిచేస్తుంది. ముందూ వెనకా తెలుగు అక్షరాలు లేని తొమ్మిది నిజమైన తొమ్మిదే, దాన్ని వదిలేయండి.

పంక్తి చివర మాట విరిగినా పాత అచ్చులో అడ్డగీత వేయరు. అట్లా విరిగిన మాటలు వెతుకులాటకు అందవు. దీనికి సులువైన మందు లేదు. ముఖ్యమైన పుస్తకాలు హక్కు ముగిసినవైతే తెలుగు వికీసోర్స్‌కు ఇవ్వండి. అక్కడ ఎడమన పాఠం, కుడిన పేజీ బొమ్మ పెట్టుకుని మనుషులు దిద్దుతారు.

సర్వర్‌గది

సిద్ధాంత గ్రంథాల మాట. నల్లగొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం 2007లో, పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో వచ్చాయి. ఈ కాలపు థీసిస్‌లన్నీ కంప్యూటర్‌లో టైపు చేసినవే. స్కానర్ ఎక్కించే ముందు పరిశోధకుణ్ణి, గైడును సాఫ్ట్ కాపీ అడగండి. యూజీసీ 2009 నిబంధనల తర్వాత ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వడం తప్పనిసరి కూడా. ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి శోధ్‌గంగలో (థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం) ఇప్పటికే ఉందేమో చూడండి. అక్కడ ఒక్క ఫైలుగా కాదు, శీర్షిక, ధృవపత్రం, అధ్యాయాలు విడివిడి పీడీఎఫ్‌లుగా ఎక్కించాలి.

తెలుగు శాఖ థీసిస్‌లలో ఒక గోతి ఉంది: 'అను' అనే పాత తెలుగు ఫాంట్లు. తెర మీద తెలుగే కనబడుతుంది. కాపీ చేసి పేస్టు చేస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల చెత్త వస్తుంది, ఎందుకంటే లోపల యూనికోడ్ లేదు. ఓసీఆర్‌మైపీడీఎఫ్‌ను 'స్కిప్ టెక్స్ట్' పెట్టి నడిపితే అక్షరాలు ఉన్నాయనుకుని ఆ పేజీలన్నీ దాటేస్తుంది, పని విజయవంతం అని కూడా చెబుతుంది. 'రీడూ ఓసీఆర్' కూడా పనికిరాదు, అది కనబడని పాత పొరను మాత్రమే తీస్తుంది. 'ఫోర్స్ ఓసీఆర్' పెట్టాలి. పేజీని బొమ్మగా మార్చి మొదటినుంచి చదువుతుంది. ఫైలు బరువెక్కుతుంది, అది భరించాల్సిందే.

అక్షర పొర తయారయ్యాక యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ రూపంలోకి (ఒకే అక్షరానికి ఎప్పుడూ ఒకే కోడ్ ఉండే రూపం) మార్చండి. ఐత్వం రెండు కోడ్లుగానూ వస్తుంది, ఒక్క కోడ్‌గానూ వస్తుంది, చూపుకు ఒకటే. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో నడుమ కనబడని విడదీత గుర్తు ఉంటుంది. ఇండెక్స్ చేసే కాపీలో మాత్రం దాన్ని తీసేయండి.

డిండివాగు

ఫైలు పేర్లు తెలుగులో వద్దు, పుస్తకం పేరుతోనూ వద్దు. అక్సెషన్ నంబరు (గ్రంథాలయం ప్రతి పుస్తకానికీ ఇచ్చే చేరిక సంఖ్య), అడ్డగీత, నాలుగంకెల వరుస సంఖ్య. వరుస సంఖ్య బొమ్మది, అచ్చులోని పేజీ అంకె కాదు. ముందుమాటకు వేరే అంకెలుంటాయి, బొమ్మల పేజీలకు అంకెలే ఉండవు. ఖాళీ పేజీ కూడా తీయండి. తీయకపోతే, పదేళ్ల తర్వాత అది ఖాళీనా, ఎగిరిపోయిందా ఎవరూ చెప్పలేరు.

ఏజెన్సీకి ఇస్తే ఒప్పందంలో 'స్కాన్ చేసిన పేజీకి' అని రాయకండి, 'ఆమోదించిన పేజీకి' అని రాయండి. మడత మ్యాపులకు విడి ధర పెట్టండి. లేకపోతే మ్యాపు మడత విప్పకుండానే పేజీ కింద లెక్కేస్తారు. పరిశీలన రెండు దఫాలు: చిన్న బొమ్మలుగా పరిచి ప్రతి పేజీ ఉందా లేదా, తర్వాత నూటికి ఐదు పేజీలు పూర్తి సైజులో. పుస్తకం అరకు తిరిగి వెళ్లకముందే ఈ పని అవ్వాలి.

సర్వర్‌గది

నిల్వకు ఒక మాట: నాస్‌లో రెండు డ్రైవులు మిర్రర్ అయితే అది బ్యాకప్ కాదు. పొరపాటున ఫోల్డర్ చెరిపితే రెండిట్లోనూ ఒకేసారి చెరుగుతుంది. మూడు కాపీలు, ఒకటి వేరే ఊళ్లో. ప్రతి ఫైలుకు షా-256 చెక్‌సమ్ (ఫైలు మారితే పట్టిచ్చే వేలిముద్ర లాంటి సంఖ్య) స్కాన్ రోజే తీసి పెట్టుకుని ఆరునెలలకోసారి సరిచూడండి.

బయటికి చూపించడానికి డీస్పేస్ అనే డిజిటల్ భాండాగార సాఫ్ట్‌వేర్ చాలు. ఒక్కొక్కటి చేత్తో ఎక్కించొద్దు. పుస్తకానికో ఫోల్డర్, అందులో డబ్లిన్ కోర్ ఎక్స్ఎంఎల్ (పేరు, రచయిత లాంటి వివరాల ఫైలు), ఫైళ్ల పేర్లున్న కంటెంట్స్ ఫైలు, పీడీఎఫ్. ఇట్లా పేర్చి మూకుమ్మడిగా దిగుమతి చేయండి. పేరు, రచయిత తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటి, రెండూ ఇవ్వండి. కేటలాగుకు కోహా సాఫ్ట్‌వేర్ వాడుతుంటే 856 ఫీల్డు (లింకు పెట్టే చోటు), మొదటి సూచిక 4, రెండోది 1, యూ ఉపఫీల్డులో లింకు. అప్పుడు కేటలాగులో పుస్తకం కనబడినచోటే స్కాన్ కూడా కనబడుతుంది.

బీరువాతాళం

చాలా సంతోషం. 12 లక్షల మాట పక్కనపెట్టి, మొదటి విడతలో స్థానిక ప్రచురణలు, పత్రికల బైండ్లు, హక్కు ముగిసిన పుస్తకాలు మాత్రమే తీసుకుంటున్నాం. ఏరివేతకు నెల అడుగుతున్నా. ఉర్దూ బీరువా మిగిలింది. తేదీలన్నీ ఫస్లీలో (నిజాం కాలపు అధికారిక సంవత్సరాల లెక్క) ఉన్నాయి, ఓసీఆర్ పెడితే అక్షరం రావడం లేదు.

పాలమూరు_పుటలు

లిథో అచ్చు (చేతిరాతను రాయి మీదికెక్కించి తీసిన అచ్చు) నస్తాలిఖ్ రాత మీద టెసరాక్ట్ ఉర్దూ నడవది, టైం ఖరాబు చేసుకోకున్రి. ఉర్దూ చదివే పెద్దమనిషిని ఒకరిని కూసోబెట్టి విషయసూచిక, శీర్షికలు మాత్రం తెలుగుల, ఉర్దూల కొట్టిపియ్యున్రి. వెతుకులాటకు గదే చాలు.

ఫస్లీకి 590 కలుపున్రి. 1343 ఫస్లీ అంటె 1933.

మూసీగట్టు

చిన్న సవరణ. హైదరాబాద్ ఫస్లీ ఏడాది ఆజూరుతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది. ఆజూర్, దై నెలలైతే 590 సరిపోతుంది. బహమన్ నెల డిసెంబరు జనవరి రెండిట్లోనూ పడుతుంది, తేదీ చూడాలి. ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా 591 కలపాలి. నెల తెలియకపోతే తేదీ ఫీల్డులో 1933/1934 అని రెండేళ్లూ ఇవ్వండి. అట్ట మీద ఉన్న ఫస్లీ ఏడాదిని ఉన్నదున్నట్టు నోట్ ఫీల్డులో ఉంచండి.